పాడితేనే కొలత

మెడ కొలత కావాలంటే మనిషి పాడాలి. ఇది మా ఇంటి అరుగు మీద నేను పెట్టిన నియమం. పాట రానివాళ్లు కనీసం ‘ఆ...’ అని గట్టిగా దీర్ఘం తియ్యాలి. ఊరికే మెడ చాపి నిలబడితే టేపు చేతికి తీసుకోను.

తెనాలిలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్లకు, కాలేజీ పిల్లల డాన్సులకు, క్రిస్మస్‌కు చర్చిల్లో వేసే నాటికలకు నేను ముళ్ల పట్టెడలు కుడతాను. మెడ చుట్టూ నల్లటి పట్టీ, దాని మీద వరసగా వెండిరంగు ముళ్లు, వెనక ఒక బకిల్. అంతే. రాక్షసరాజు పెట్టుకున్నా, భటుడు పెట్టుకున్నా, ఈ మధ్య గిటారు పట్టుకుని గంతులేసే పిల్లలు పెట్టుకున్నా పనితనం ఒక్కటే. పట్టెడ పెట్టగానే వంగిన మెడ నిలబడుతుంది. నిలబడక చస్తుందా, వంచితే గడ్డానికి ముల్లు తగులుతుంది.

మొన్న బాపట్ల నుంచి ఒక ఇంజనీరింగ్ పిల్ల వచ్చింది.

“అమ్మమ్మగారూ, నాకు పాట రాదండి.”

“ఏడుపు వచ్చా?”

“అంటే... వచ్చండి.”

“అయితే ఏడువు. గట్టిగా.”

దాని స్నేహితురాళ్లు ఫోన్లు తీసి వీడియో పట్టుకున్నారు. పట్టుకోనీ. ఆ పిల్ల ‘అమ్మో’ అని అరిచినప్పుడు మెడ అర అంగుళం ఉబ్బింది. ఆ అర అంగుళం నన్ను ఒకప్పుడు ఏ గతికి తెచ్చిందో వాళ్లకేం తెలుసు.

నాకు మెడల పని నేర్పింది మా నాన్న. మాది రేపల్లె దగ్గర పల్లె. నాన్న తోలుపని చేసేవాడు. చెప్పులు కుట్టేవాడు, ఎడ్లకు మువ్వల పట్టెడలు కుట్టేవాడు. నేను మూడో తరగతితో బడి మానేసి ఆయన పక్కన కూర్చుని దారానికి మైనం రాసేదాన్ని. పట్టెడ కుట్టాక ఎద్దు మెడకు పెట్టి, తన నాలుగు వేళ్లు లోపలికి దూర్చి చూసేవాడు. దూరకపోతే విప్పేసి, ఇంకాస్త పొడవు తోలు కోసి మళ్లీ కుట్టేవాడు.

“తోలు దండగ కదా నాన్నా?”

“బరువు లాగేటప్పుడు ఎద్దు మెడ ఉబ్బుద్దే పిచ్చిమొహమా. దానికి నోరు లేదు, బిగుతైందని చెప్పదు. కుట్టేవాడే చూసుకోవాలి.”

నాలుగు వేళ్ల సందు. ఆ మాట విన్నాను గానీ ఒంటికి పట్టలేదు. దండగ అన్న మాటే నాకు ఎక్కువ పట్టింది. ఈ రోజుకీ అంతే. సబ్బు అరిగిపోతే కొత్త సబ్బుకి అతికిస్తాను. కోడలు నవ్వుతుంది. నవ్వనీ, ఆ సబ్బుతోనే స్నానం చేస్తుంది.

పెళ్లయి తెనాలి వచ్చాను. ఇంటాయన రైసుమిల్లులో బస్తాలు మోసేవారు. రెండో బిడ్డ పుట్టిన ఏడాది నడుం పట్టేసి మంచాన పడ్డారు. నాకు తెలిసింది సూది, మైనం దారం, తోలుకు బెజ్జం వేసే ఆరె. ఇంకేమీ తెలియదు. నాటకాల డ్రెస్సుల కొట్టుకు వెళ్లి రాజుల చెప్పులకు అతుకులు వేస్తానన్నాను. ఆ షావుకారు మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు.

ఆ కొట్లో రాక్షస వేషానికి ఒక ముళ్ల పట్టెడ ఉండేది. ముళ్లు వడ్రంగి చేసిన కొయ్య ముళ్లు. అది పెట్టుకున్న నటుడు రెండు పద్యాలు అయ్యేసరికి మెడ పట్టుకుని తిట్టుకునేవాడు. నేను చూసి, “కాగితంతో చేస్తే బరువుండదండి” అన్నాను.

“కాగితమా? ఇదేం పెళ్లిపందిరా, రంగు కాగితాలు అంటించడానికి?”

“ఒక్కటి చేసి తెస్తానండి.”

షావుకారు కొయ్య పట్టెడ చేత్తో ఎత్తి బరువు చూశాడు. “వచ్చే శనివారం రేపల్లెలో నాటకం ఉంది. మాస్టారు వేస్తున్నారు. ఆయన మెడ మీద నీ కాగితం ముళ్లు నిలబడితే ఈ కొట్లో మెడ పనంతా నీదే. పరువు తీశావో, చెప్పుల అతుకులు కూడా ఇంకొకరికి ఇచ్చేస్తా” అన్నాడు.

మాస్టారు అంటే భట్టిప్రోలు వైపు ఒక బడిలో పంతులుగారు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేవారు, సెలవొస్తే రాక్షసరాజు వేషం కట్టేవారు. ఆయన రాగం తీస్తే మైకు లేకపోయినా కాలవ అవతలికి వినపడుతుందని చెప్పుకునేవారు.

ముల్లు చెయ్యడం పెద్ద విద్య కాదు, ఓపిక. పాత పేపరు సన్న పట్టీలుగా చింపాలి. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి ఉడికించాలి, లేకపోతే ఎలుకలు వేషాన్ని తినేస్తాయి. మేకు పీకేసిన బొంగరాన్ని మొన పైకి ఉండేట్టు నిలబెట్టి, నూనె రాసి, దాని మీద ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి అంటించాలి. నీడలో రెండు రోజులు ఆరాక మెల్లగా తిప్పితే టోపీలా ఊడి వస్తుంది. అంచుకు గాట్లు పెట్టి, ఆ అంచును బయటికి మడిచి, పట్టీకి కుట్టి, రంగు వెయ్యాలి. అప్పుడు మా పెద్దాడి దగ్గర లాక్కున్న బొంగరమే ఇప్పటికీ వాడుతున్నాను. బైబిలు వాక్యం అచ్చయిన కాగితం మాత్రం ముల్లు చెయ్యను, పక్కన పెడతాను. మిగతా కాగితమంతా చింపేముందు చదువుతాను. మూడో తరగతి దాకా వచ్చిన అక్షరాలు నన్ను వదిలిపోలేదంటే ఆ చింపుడు కాగితాల పుణ్యమే. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నదీ వాటివల్లే.

కొట్లో మాస్టారు బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటే, వెనక నుంచి మెడ కొలత తీశాను. ఆయన మాట్లాడలేదు, నేను పలకరించలేదు. నా దగ్గరున్న తోలు ముక్క చిన్నది. నాలుగు వేళ్ల సందు ఇస్తే చాలదు, కొత్త తోలు కొయ్యాలి. నాన్న మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా, ఇది ఎద్దు కాదుగా, మనిషికి నోరుంది, బిగుతైతే తనే చెప్తాడు అనుకున్నాను. ఒక్క వేలు సందు ఇచ్చి కుట్టేశాను.

శనివారం డ్రెస్సుల పెట్టెలతో పాటు నేనూ రేపల్లె రైలెక్కాను. మా పుట్టింటివాళ్లు, చిన్నప్పుడు నాతో బడికొచ్చినవాళ్లు ముందు వరసలో చాపలేసుకుని కూర్చున్నారు. నేను తెర పక్కన నిలబడ్డాను. మొదటి పద్యం బాగానే నడిచింది. రెండో పద్యం చివర మాస్టారు రాగం ఎత్తుకున్నారు. రాగం పైకి పోతున్నకొద్దీ మెడ నరాలు లేచాయి, మొహం ఎర్రబడింది. జనం అది రాగం మహిమ అనుకున్నారు. నాకు మాత్రం తెలిసిపోయింది. నోరంతా పాటలో ఉన్న మనిషికి, బిగుతైందని చెప్పడానికి ఇంకో నోరు ఎక్కడిది?

టప్పున కుట్టు తెగింది. రెండు ముళ్లు ఎగిరాయి. ఒకటి హార్మోనియం మీద పడింది, ఒకటి ముందు వరసలో ఎవరి ఒళ్లోనో పడింది. హార్మోనిస్టు ఉలిక్కిపడి రెండు మెట్లు ఒకేసారి నొక్కాడు. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులో నాకు ఇంట్లో ఖాళీ అవుతున్న పాలడబ్బా కనపడింది.

మాస్టారు రాగం ఆపలేదు. ఎడమ చేత్తో పట్టెడ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. రాక్షసరాజుకు కోపం వచ్చి మెడలో ఉన్నది తెంపుకున్నట్టే తెంపి నేలకేసి కొట్టారు. అదే ఊపులో రాగాన్ని ఇంకా పైకి తీసుకెళ్లి, దింపారు. నవ్వినవాళ్లే ఈలలేశారు. “వన్స్‌మోర్! వన్స్‌మోర్!”

నేను అప్పటికే పక్క తెర కింద నుంచి చెయ్యి చాపి పడిన ముళ్లు ఏరుకుంటున్నాను. అలవాటు.

తెర పడగానే షావుకారు నా మీదకు వచ్చాడు. “చెప్పానా, కాగితం కాగితమేనని! ఎంత నవ్వుబాటు...”

మాస్టారు మొహం తుడుచుకుంటూ అడ్డమొచ్చారు. “ఆ అమ్మాయినేమంటావయ్యా? తెగేట్టు కుట్టమని నేనే చెప్పాను. ముందే నీకు చెబితే ఒప్పుకోవుగా.”

షావుకారు పెట్టెలు సర్దించడానికి వెళ్లిపోయాడు. మాస్టారి మెడ మీద ఎర్రటి గీత వాచి కనపడుతోంది. ఆయన కండువా కప్పేశారు.

ఇక ప్రతి నాటకంలో ఆయన పట్టెడ తెంపాల్సిందే. తెంపకపోతే జనం ఊరుకునేవారు కాదు. తెంపిన ప్రతిసారీ నేను మళ్లీ కుట్టాల్సిందే. ఆ తెగే పట్టెడ మిగతా కొట్లకూ పాకింది, వాటితో పాటు నా పనీ పాకింది. ఇంటాయన పోయాక కూడా నా పిల్లలు పస్తు పడుకోలేదు.

మాస్టారికి మాత్రం నేను కృతజ్ఞతగా ఒక్క మాటా చెప్పలేదు. మా ఇళ్లల్లో వందనాలు ప్రార్థనలో దేవుడికి చెప్పేవే. మనిషి మొహం చూసి చెప్పాలంటే నోరు రాదు. ఆయన కొలతకు వచ్చినప్పుడల్లా “పాడండి” అనేదాన్ని, ఆయన పాడేవారు. మా మధ్య అంతకు మించి మాటల్లేవు.

నిరుడు వానలు వెనకపట్టాక ఒక పొద్దున మాస్టారు మా అరుగెక్కారు. వేషం కట్టడం మానేసి నాలుగైదేళ్లయి ఉంటుంది. మనిషి సగమయ్యారు. అంత ఎండలోనూ మెడకు మఫ్లర్. కోడలు కుర్చీ వేసి టీ తెచ్చింది.

“చెల్లెమ్మా, ఒక పట్టెడ కావాలి. ఈసారి తెగకూడదు.”

నేను చేతిలో ముల్లు పక్కన పెట్టాను. ఇన్నేళ్లలో ఆయన తెగనిది అడగడం అదే మొదలు.

మఫ్లర్ విప్పారు. గొంతు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా మచ్చ. గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారట. మాట కూడా మునుపటిలా లేదు, గాలి కలిసి వస్తోంది.

“బాపట్లలో నా దగ్గర నేర్చుకున్నవాళ్లు నాటకం పెట్టుకున్నారు. ఆ వేషంలో వచ్చి ఒక్క పద్యం పాడమంటున్నారు. ఆపరేషనయ్యాక నేను ఎవరి ముందూ గొంతు విప్పలేదమ్మా. మచ్చ కనపడకపోతే ధైర్యమొస్తుందేమో అనుకుంటున్నా. నీ దగ్గర పాత కొలత ఉందిగా, దాంతో కుట్టెయ్యి.”

“పాత కొలత పనికిరాదండి. మెడ మారింది. పాడండి.”

“అది మాత్రం అడక్కు.”

“అయితే కుట్టను.”

కోడలు గుమ్మంలోకి వచ్చింది. “అత్తయ్యా, ఒంట్లో బాగోక వచ్చిన మనిషితో ఏంటండీ ఆ మొండితనం? ఈ ఒక్కసారికి ఊరికే తియ్యొచ్చుగా.”

“నువ్వు టీ గ్లాసు తీసుకెళ్లు.”

“ఆయనింకా తాగలేదండి!”

“తాగాకే తీసుకెళ్లు.”

మాస్టారు నవ్వారు. నవ్వు కూడా బొంగురే. “నిజం చెప్తాను చెల్లెమ్మా. ఈ గొంతు పలుకుతుందో లేదో నాకే తెలీదు. పలక్కపోతే బాపట్ల దాకా ఎందుకు, ఇక్కడి నుంచే ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. ఇంక పద్యం జోలికి పోను.”

“పలికిందీ లేనిదీ నాకెందుకండి? మెడ ఎంత ఉబ్బుతుందో అది కావాలి నాకు.”

టేపు మడతలు విప్పి ఆయన వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. మచ్చకు వేలు తగలకుండా టేపు చుట్టాను. పద్యం మొదటి పాదం వచ్చింది. రెండోది వచ్చింది. చివర రాగం ఎత్తుకోబోయేసరికి గొంతు పుటుక్కున తెగిపోయింది. ఎదురింటి గేటు దగ్గర కూరగాయలు బేరమాడుతున్నవాళ్లు మాట ఆపి ఇటు చూశారు. మాస్టారు మఫ్లర్ కోసం చెయ్యి చాపారు.

“టేపు జారిందండి. ఇంకోసారి” అన్నాను.

టేపు జారలేదు. అబద్ధమాడితే పిల్లల్ని వాతలు తేలేట్టు కొట్టినదాన్ని నేను. ఆ పూట నా నోటికి అబద్ధం దానంతటదే వచ్చింది.

రెండోసారి శృతి దింపుకుని ఎత్తుకున్నారు. రాగం సగం దాకా పాకి ఆగిపోయింది.

“అంకె కనపళ్లేదండి. ఉండండి, కళ్లజోడు తెచ్చుకుంటాను.”

కళ్లజోడు నా మొహం మీదే ఉంది. కోడలు అది చూసింది. గుమ్మం దాటి నా పక్కకొచ్చింది. “మీరుండండి అత్తయ్యా, అంకె నేను చూస్తాను. మాస్టారూ, ఇంకొక్కసారండీ.” ఆ రోజు ఆ పిల్ల మీద నాకు పుట్టిన గౌరవం ఇంకా తగ్గలేదు. దానికా సంగతి చెప్పలేదు.

మూడోసారి రాగం పైదాకా పోలేదు గానీ తెగలేదు. కింద కిందనే నడిచి, ఒక వంపు తిరిగి, పద్యం చివరికి చేరుకుంది. కూరగాయల బండి మనిషి తక్కెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మాస్టారు కళ్లు తెరిచారు. “నీ టేపు ముసలిదైందా, నువ్వు ముసలిదానివయ్యావా?”

“రెండూనండి. ముప్పావు అంగుళం” అన్నాను.

ఆయన టీ అందుకున్నారు. అప్పుడు అడిగాను, ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నది. “రేపల్లెలో నా తప్పు మీ మీద వేసుకున్నారు కదండీ. ఎందుకు?”

“తప్పేంటి? నీ పట్టెడ నన్ను చంపేస్తోంది, ఊపిరాడక పీకి పారేశాను! అందులో నటనా లేదు, గిటనా లేదు.”

“తెంపింది సరేనండి. తెగేట్టు కుట్టమన్నానని షావుకారుతో ఎందుకు చెప్పారు?”

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టారు. “అంతమంది నవ్వుతుంటే నువ్వు పారిపోలేదు. తెర కింద నుంచి చెయ్యి పెట్టి ముళ్లు ఏరుకుంటున్నావు. ఒక ముల్లు నా పాదం పక్కన దొర్లుతుంటే నా కాలు పట్టుకుని అవతలికి జరిపావు, గుర్తుందా? నిండు సభలో రాక్షసరాజు కాలు! పని మీద అంత ధ్యాసున్న మనిషి పని పోగొట్టి నేనేం బావుకుంటానమ్మా?”

కాలు జరిపిన సంగతి నాకు గుర్తులేదు. కోడలు మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

ఆ పట్టెడకు నాలుగు వేళ్ల సందు ఇచ్చాను. కుట్టు మీద కుట్టు వేశాను. మచ్చకు ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ వెయ్యాలి. పాత గుడ్డలు నా దగ్గర సంచెడున్నాయి, ఏదీ మనసుకు ఆనలేదు. చీరాల నుంచి కొడుకు తెచ్చిన నేతచీర ఒకటి నాలుగేళ్లుగా మడత విప్పకుండా పెట్టెలో ఉంది. దాని చెంగు కోశాను. కోడలు వచ్చి, జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

బాపట్లకు కోడలూ నేనూ రైల్లో వెళ్లాం. సాయంత్రానికే హాలు నిండింది. నన్ను రెండో వరసలో కూర్చోబెట్టారు. మాస్టారు వేషంతో రాగానే పాతవాళ్లంతా చప్పట్లు కొట్టారు. పద్యం మొదలైంది. గొంతు చిన్నదే, కానీ మాట మాటా తెలుస్తోంది. రాగం ఎత్తుకునే చోటికి వచ్చేసరికి వెనక నుంచి ఎవరో అరిచారు.

“తెంపండి మాస్టారూ!”

“తెంపాలి! తెంపాలి!”

ఇన్నేళ్ల అలవాటు, ఎడమ చెయ్యి దానంతటదే పోయి పట్టెడ పట్టుకుంది. గుంజారు. నా కుట్టు కదల్లేదు. మళ్లీ గుంజారు. కదల్లేదు. హాలంతా మెడలు చాచి చూస్తోంది. ఇప్పుడు ఈయన గాభరా పడితే గొంతు మళ్లీ తెగుతుంది, ఈసారి టేపు జారిందని చెప్పడానికి నేను పక్కన లేను.

మాస్టారు నా వంక చూశారు. చూసి, నవ్వారు. పెద్ద నవ్వు, రాక్షసరాజు నవ్వు. అది నాటకంలో లేదు. హాలు కూడా ఆయనతో పాటు నవ్వేసింది. ఆ నవ్వు మీదనే ఆయన రాగం ఎత్తుకున్నారు. పట్టెడ తెంపుకోకుండానే, కిందనే మొదలుపెట్టి, మా అరుగు మీద తిరిగిన వంపే తిరిగి, అరుగు మీద చేరనంత ఎత్తుకు ఒక్క క్షణం చేరి, దిగారు. మెడ ఉబ్బినప్పుడు ముళ్లన్నీ ఒక్కసారి లేచి, మళ్లీ సర్దుకోవడం నేను చూశాను. వన్స్‌మోర్ అని అరిచినవాళ్లకు చేతులు జోడించి, చివరి పాదం ఒక్కటే మళ్లీ పాడారు.

వేషం తీసే గదిలోకి వెళ్లాం.

“ఏం కుట్టావు చెల్లెమ్మా! దీంతో ఎద్దుని కట్టినా తెగదు.”

“తెగకూడదన్నారుగా.”

బకిల్ విప్పేముందు, మా నాన్న చూసినట్టే, నాలుగు వేళ్లు లోపలికి దూర్చి చూశాను. దూరాయి. పట్టెడ తీశాక మెడ చుట్టూ చూశాను. పాత మచ్చ ఉంది. కొత్త గీత పడలేదు.

ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతగా కవర్లో డబ్బు పెట్టి స్తుతికానుక వేశాను. మా దగ్గర కవరు మీద దేనికోసమో రాస్తే పాస్టరుగారు చదివి ప్రార్థన చేస్తారు. పరీక్ష పాసైనందుకు, జ్వరం తగ్గినందుకు, ఇల్లు కట్టుకున్నందుకు రాస్తారు. నేను పెన్ను పట్టుకుని, ‘ఒక మెడ కోసం, రేపల్లె మొదలు బాపట్ల వరకు’ అని రాశాను. పేరు రాయలేదు. పాస్టరుగారు అది ఒకటికి రెండుసార్లు చదివారు. మూడో తరగతి చేతిరాత ఎవరిదో ఆయనకు తెలియనిది కాదు. బయటికి వస్తుంటే ఆపారు.

“మెడ నొప్పి తగ్గిందామ్మా?”

“నా మెడ కాదండి.”

“మరెవరిదమ్మా?”

“ఆవిడ్ని అడక్కండి పాస్టరుగారూ” అంది కోడలు. “ముందు మిమ్మల్ని పాడమంటారు.”

దాన్ని కళ్లతోనే కసిరాను. ఇంటికి వచ్చాక పెట్టె తీసి, చెంగు పోయిన ఆ నేతచీర దాని చేతిలో పెట్టాను.

“నాకెందుకండీ అత్తయ్యా?”

“చెంగు లేని చీర నేనేం చేసుకోను? నాలుగు జాకెట్లొస్తాయి. దండగ చెయ్యకుండా కుట్టించుకో.”

అది చీర వంక, నా వంక చూసింది. మాస్టారి కొలత రోజు ఇద్దరం కలిసి ఆడిన అబద్ధం గుర్తొచ్చి ఉంటుంది. “జాకెట్ మెడ కొలతకి కూడా పాడాలా అండీ?” అంది.